అరవై నాలుగు తర్వాత డాష్

మా దగ్గర బిట్టు అనే మాటకు రెండు అర్థాలు. ఒకటి కంప్యూటర్‌లోది: సున్నా కాకుంటే ఒకటి, అంతకు మించి ఏమీ కాలేని అతి చిన్న ముక్క. రెండోది పరీక్షలోది: ఒక మార్కు ప్రశ్న. ఆ ఒక మార్కు ప్రశ్నలన్నీ కుప్ప పోసి అమ్మే పల్చటి పుస్తకాన్ని బిట్ బ్యాంక్ అంటారు. పరీక్షకు వారం ముందు పిల్లలు తెరిచేది దాన్నే. నేను చార్మినార్ దగ్గర, గాజుల దుకాణాల వెనక సందులో ఉన్న ఒక ఆడపిల్లల కాలేజీలో పదిహేనేళ్ళకు పైగా కంప్యూటర్లు చెప్పాను. మొదటి రకం బిట్టు గురించి శ్రద్ధగా విన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రెండో రకం గురించి అడగనివాళ్ళను లెక్కపెట్టడానికి వేళ్ళు కూడా అక్కర్లేదు.

ఒకసారి ఈ రెండు రకాల బిట్లూ ఢీకొని ఒక అమ్మాయి ఉద్యోగం మీదికి వచ్చింది. ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను. ఉత్సాహం ఏమీ లేదు. నేను రాయకపోతే ఎవరైనా నన్ను మంచిదాన్ని చేసి చెప్తారేమోనని రాస్తున్నాను.

తొంభైల మొదట్లో నేను చేరినప్పుడు మా ల్యాబులో ఆరు కంప్యూటర్లు ఉండేవి, వాటిలో నాలుగు పనిచేసేవి. కాలేజీ మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. చెప్పులు బయట విడిచి, కాళ్ళు పట్టా మీద తుడుచుకుని లోపలికి రావాలి. దుమ్ము పడితే యంత్రాలకు జబ్బు చేస్తుందని ప్రిన్సిపాల్ మేడం నమ్మకం. యంత్రాలకు ఏం చేసేదో గానీ, ఆ చల్లటి గచ్చు మీద వట్టి కాళ్ళతో రోజూ గంటల తరబడి నిలబడి నాకు మడమల నొప్పి పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

అవి పదహారు బిట్ల యంత్రాలు. అంటే ఒక్క గుక్కలో పదహారు బిట్ల అంకెను మింగగలవు. అరవై అయిదు వేల చిల్లర దాటితే ముక్కలు చేసుకుని మింగాలి. మా పిల్లల హాల్‌టికెట్ నంబరే ఒక్క గుక్కలో పట్టేది కాదు. తర్వాత ముప్పై రెండు బిట్లవి వచ్చాయి. వాటిని అమ్మడానికి వచ్చినాయన మెడకు టై, కాళ్ళకు బూట్లు. ల్యాబు గుమ్మం దగ్గర ఆ బూట్లు విప్పలేక తిప్పలు పడుతూనే, ఇది డబుల్ మేడం, రేపు వచ్చేది ఇంకా డబుల్ అన్నాడు. నేను నమ్మాను. నాకప్పటికి ముప్పై నిండలేదు. డబుల్ అనే మాట వింటే మనసు పొంగే వయసు. ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. ఎక్కడో పెద్ద సంస్థల్లో అరవై నాలుగు కూడా నడుస్తోందని పత్రికలో చదివాను. క్లాసులో గొప్పగా చెప్పాను కూడా: మీ పెళ్ళిళ్ళ నాటికి నూట ఇరవై ఎనిమిది, మీ పిల్లలు బడికి పోయేనాటికి రెండు వందల యాభై ఆరు అని. పిల్లలు రాసుకున్నారు. నేను ఏం చెప్పినా రాసుకునేవాళ్ళు, అదొక బాధ.

రెండు వేల సంవత్సరం దాటాక కరస్పాండెన్స్‌లో ఎంసీఏ చదివాను. చదవకపోతే తీసేస్తామన్నారు కాబట్టి చదివాను, జ్ఞానదాహం అని అబద్ధం చెప్పను. ఆదివారం క్లాసులకు ఒక ముసలి మాస్టారు వచ్చేవారు. నూట ఇరవై ఎనిమిది ఎప్పుడొస్తుందని ఆయన్ను అడిగాను. ఎందుకు రావాలి అన్నారాయన. గంటన్నర వాదించాను. నాతో వాదనకు దిగినవాళ్ళు మామూలుగా మధ్యలోనే దండం పెట్టి వెళ్ళిపోతారు. ఆయన మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ మొత్తం విని, చివర్లో ఒకటే అడిగారు. "అన్ని నంబర్లు ఎక్కడ ఖర్చు పెడతావమ్మా?"

జవాబు వెతకడానికి వారం టైం తీసుకున్నాను. దొరకలేదు. అంతకంటే ఘోరం, ఆయన చెప్పిందే నిజమని తేలింది.

ఆ సంగతిని తర్వాత నా క్లాసులో మా సందు భాషలోకి దించుకుని చెప్పేదాన్ని. మేముండేది ఉప్పుగూడలో. మా ఇంటి నంబరు చదివితే కొత్తవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి: డాష్, మళ్ళీ డాష్, బై ఒక అక్షరం, దాని కింద బై ఇంకో అంకె. పాతబస్తీలో ఇళ్ళు పుట్టినకొద్దీ బై నంబర్లు పుడతాయి. కంప్యూటర్ మెమొరీలో కూడా ప్రతి గదికీ ఒక ఇంటి నంబరు ఉంటుంది. ఆ నంబరు ఎంత పొడుగు ఉండొచ్చు అన్నది ఈ బిట్ల లొల్లిలో సగం. ముప్పై రెండు బిట్లతో నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల గదులకు నంబర్లు వేయొచ్చు. అవి చాలని రోజు వచ్చింది, అందుకని అరవై నాలుగు వచ్చింది. అందరూ బోల్తా పడేది ఇక్కడే. అరవై నాలుగంటే ముప్పై రెండుకు డబుల్ అనుకుంటారు. ఒక్క బిట్టు చేరిస్తేనే డబుల్ అవుతుంది. ముప్పై రెండు బిట్లు చేరిస్తే ముప్పై రెండు సార్లు డబుల్ మీద డబుల్. అరవై నాలుగు బిట్ల ఊళ్ళో లక్షా ఎనభై నాలుగు వేల కోటి కోట్ల ఇళ్ళకు నంబర్లున్నాయి. మా ల్యాబు యంత్రాలన్నిటి మెమొరీ తెచ్చి పోసినా ఆ ఊళ్ళో ఒక సందు మూల నిండదు. అంత ఊరు ఖాళీగా పడి ఉంటే, ఇంకో ఊరు ఎప్పుడు కడతారని అడుగుతారు.

ఖాళీగా ఉంటే ఉండనీ, నష్టమేంటి అని అడిగేవాళ్ళు కొందరు. నష్టం ఉంది. ఇంటి నంబరు రెండింతలు పొడుగైతే ఇల్లు పెద్దదైపోదు, కార్డు మీద ఉత్తరానికి చోటు తగ్గుతుంది. చిప్పు తన పక్కనే పెట్టుకునే కాస్త జాగాలో సగం ఈ పొడుగు నంబర్లకే పోతుంది. తీగలు రెండింతలు, వేడి ఎక్కువ. కూడికలో మూడు వేసి ఒకటి చేతిలో పెట్టుకుంటామే, ఆ చేతిలోని ఒకటి ఈ చివర నుంచి ఆ చివరికి చేరడానికి ఇంకాస్త ఆలస్యం. ఏడాదికోసారి ఏ భారీ లెక్కో వస్తే చిప్పు దాన్ని రెండు ముక్కలు చేసి చేసుకుంటుంది. మనం కాగితం మీద చేయమా? దాని కోసం ఎవరూ ఇంకో నాలుగు చేతులు మొలిపించుకోరు. బొమ్మలకూ పాటలకూ చిన్న చిన్న లెక్కలు నాలుగు పక్కపక్కన కూర్చోబెట్టే వెడల్పు బెంచీలు చిప్పులో ఉన్నాయి, వాటికి నూట ఇరవై ఎనిమిది బిట్ల వెడల్పు ఉంది, నిజమే. అక్కడ కూర్చునేది నలుగురు. ఒక్క లావుపాటి మనిషి కాదు. చిప్పులు చేసేవాళ్ళు చివరికి తెలివైన పనే చేశారు: ఒక బస్సును ఇంకా వెడల్పు చేయకుండా రెండు బస్సులు నడిపారు, అంటే ఒకే చిప్పులో రెండు మెదళ్ళు పెట్టారు.

ఇదంతా విని పిల్లలు అడిగేది ఒకటే. మేడం, ఇది బిట్లల్ల వస్తదా?

ఒక్క అమ్మాయి మాత్రం అలా అడగలేదు. సాయంత్రం డిప్లొమా బ్యాచిలో చేరిన అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఇరవై ఏడేళ్ళు. జహనుమాలో అక్కాబావల దగ్గర ఉండేది. పొద్దున్నుంచి మూడింటి దాకా ఇంట్లో కూర్చుని లక్క గాజులకు రాళ్ళు అతికించేది. దుకాణంవాళ్ళు సంచీలో గాజులూ రాళ్ళూ ఇచ్చి పంపేవారు. ఆ పని కళ్ళను తినేస్తుంది. కంప్యూటర్ తెరకు జానెడు దూరంలో మొహం పెట్టి చూసేది. నెమ్మదిగా టైపు చేసేది, ఒక్క తప్పు కొట్టేది కాదు. నేను ఏం చెప్పినా, గదెందుకట్ల మేడం అనేది. మొదట్లో ఒళ్ళు మండింది. తర్వాత ఆ ఎందుకట్ల లేని రోజు క్లాసు చప్పగా అనిపించేది.

ఆ ఏడు మా ల్యాబు అసిస్టెంట్ వేరే ఊరు వెళ్ళిపోతోంది. ఆ పోస్టు ఈ అమ్మాయికి ఇప్పించమని ప్రిన్సిపాల్ మేడంను మూడు నెలలు సతాయించాను. డిప్లొమా పాసైతే తీసుకుంటానని ఆవిడ ఒప్పుకుంది. థియరీ అయిపోయింది, బాగా రాసింది. ప్రాక్టికల్ ఒక్కటే మిగిలింది. అందులో పోతే మళ్ళీ ఏడాది తర్వాతే రాయాలి, పోస్టు అప్పటిదాకా ఆగదు. ఆ అమ్మాయి ఫికర్ ఏమీ కనపడనిచ్చేది కాదు గానీ, కళ్ళ డాక్టరు రాళ్ళ పని మానేయమన్నాడని ఒకసారి నోరు జారి చెప్పింది.

ప్రాక్టికల్ రోజు నది అవతలి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చారు. మార్కులు వేయడానికి వేరే కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుణ్ణి మేం ఎక్స్‌టర్నల్ అనే పిలుస్తాం, ఆయనకు వేరే పేరు ఉండదు. పెద్దమనిషి, మర్యాదస్తుడు, రిటైర్‌మెంట్‌కు దగ్గర. ఎక్స్‌టర్నల్‌ను చూసుకోవడం అనేది మా దగ్గర ఒక పెద్ద పని: తినడానికి లుఖ్మీలు, చాయ్, ఫ్యాను కింద కుర్చీ. అన్నీ అమర్చాను. మధ్యాహ్నానికి ప్రోగ్రాములు చూసేశారు, వైవా మొదలైంది. నలభై మంది ఉన్నారు, ఒక్కొక్కరికి నాలుగు ప్రశ్నలు. నేను మా కాలేజీ తరఫు పరీక్షకురాలిని, అంటే ఇంటర్నల్‌ని కాబట్టి అదే గదిలో ఉన్నాను, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగుతూ.

ఈ అమ్మాయి వంతు వచ్చింది. మొదటి ప్రశ్నే, అరవై నాలుగు బిట్ల తర్వాత ఏ ప్రాసెసర్ వస్తుందమ్మా అని.

"ఇప్పట్ల ఏం రాదు సార్" అంది.

ప్రశ్న అర్థం కాలేదనుకుని ఆయన ఇంగ్లీషులో మళ్ళీ అడిగారు. అప్పుడు ఆ అమ్మాయి వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. నేను ఇంటి నంబర్లతో చెప్పినదాన్ని తన గాజుల్లోకి మార్చుకుంది. నేను కాగితం లాగడం మానేసి విన్నాను.

"గాజు సైజులు టూ-ఫోర్, టూ-సిక్స్, టూ-ఎయిట్, టూ-టెన్ ఉంటయి సార్. లెక్క ప్రకారమైతే గట్ల పోతనే ఉండాలె. కని త్రీ-ఎయిట్ గాజు ఎవ్వలు చెయ్యరు. గంత చెయ్యి ఎవ్వలికి లేదు. చేస్తే లక్క దండుగ, తొడుక్కుంటే జారి పోతది."

"ఇది గాజుల బేరం కాదమ్మా" అన్నారాయన.

"నేను చేసేది గాజులే గద సార్. తెలిసినదాన్లకెళ్ళి చెప్పిన."

ఆమె మాటలో వెటకారం లేదని నాకు తెలుసు. ఆయనకు తెలియదు. ముందు ముప్పై మంది తడబడకుండా చెప్పిన జవాబును ఈమె కాదంటోంది, పైగా గాజులు తొడిగిస్తోంది. మిగతా మూడు ప్రశ్నలు అడగకుండానే వెళ్ళమన్నారు. షీటు మీద వేసిన అంకె నేను పక్కనుంచి చూశాను. మొత్తం మీద పాసుకు రెండు మార్కులు తక్కువ.

వైవా అంతా అయ్యేదాకా ఆగాను. నా జీవితంలో నేను నోరు మూసుకుని గడిపిన కొద్ది గంటల్లో అదొకటి. ఆ తర్వాత ఆయన ఎదుట కూర్చుని మొదలుపెట్టాను. ఇంటి నంబర్లు చెప్పాను, వేడి చెప్పాను, చేతిలో ఒకటి చెప్పాను. బ్యాంకుల సైట్లలో నూట ఇరవై ఎనిమిది బిట్లని ఉంటుంది కదా అని ఆయన అడిగారు. అది తాళంచెవి పొడుగు సార్, తలుపు వెడల్పు కాదు అన్నాను. ఆ మాటకు నాకే ముచ్చటేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఈ ప్రశ్న పెట్టినవాడెవడో ప్రాసెసర్‌కూ ఎక్కాల పుస్తకానికీ తేడా తెలియనివాడు, అలాంటివాళ్ళ దగ్గర చదువుకున్న పిల్లలు దేశాన్ని ఏం చేస్తారో అని కూడా అన్నాను. ప్రిన్సిపాల్ మేడం అప్పుడే లోపలికి వచ్చి వింటోంది.

ఆయనకు కోపం రాలేదు. అలసటగా నవ్వి, సంచిలోంచి బిట్ బ్యాంక్ తీశారు. "మేడం, నా సొంత ప్రశ్నలు అడిగే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. పిల్లలందరూ చదివేది ఇదే కదా అని ఇందులోంచే అడుగుతాను. ఇదిగో, చూడండి."

చూశాను. 8, 16, 32, 64, ____. పిల్లలు ఆ ఖాళీని డాష్ అని చదువుతారు. కింద నాలుగు జవాబులు: తొంభై ఆరు, వంద, నూట ఇరవై ఎనిమిది, పైవేవీ కావు.

ఆ తొంభై ఆరును చూడగానే గుర్తుపట్టాను. అది నేను పెట్టిన తొంభై ఆరు.

తొంభైల మధ్యలో ఒక గైడ్ల ప్రచురణకర్త మనిషి మా ఉప్పుగూడ ఇంటికి వచ్చాడు. కంప్యూటర్ పేపరుకు మూడు వందల బిట్లు పది రోజుల్లో కావాలన్నాడు. పేరు వేయరు, అనుభవజ్ఞులైన అధ్యాపకులచే అని వేస్తారు. అనుభవజ్ఞులు అనే మాటకు పడిపోయాను, నాకప్పటికి నాలుగేళ్ళ సర్వీసు. తొమ్మిది రోజుల్లో రెండు వందల తొంభై రాశాను. పదో రోజు ఇంకేం రాయాలో తోచలేదు. మా తమ్ముడు ఏదో ఉద్యోగం పరీక్షకు చదువుతూ వదిలేసిన పేపరు బల్ల మీద ఉంది. అందులో అంకెల వరస ప్రశ్నలు: రెండు, నాలుగు, ఎనిమిది, తర్వాత ఏది? చూసి, నేనూ ఒక వరస రాసి పారేశాను. తొంభై ఆరు పెట్టింది అరవై నాలుగుకు ముప్పై రెండు కలిపేసే తెలివితక్కువవాళ్ళను పట్టుకోవడానికి. యంత్రాలు చేసేవాళ్ళు అవసరం చూసి చేస్తారు, అంకెల వరస చూసి చేయరు అన్న ఆలోచన ఆ పూట నాకు రాలేదు. కుక్కర్ దింపి వచ్చి, మూడు వందలు పూర్తి చేసి, పడుకున్నాను.

ఆ తర్వాత పదేళ్ళు అదే బిట్టు, అదే తొంభై ఆరు, ఏటా కొత్త అట్టతో. పుస్తకం నా చేతిలోకి ఎన్నిసార్లు వచ్చిందో. ఎప్పుడూ ఆ పేజీ తెరవలేదు. మనం రాసింది మనం చదవం.

నేను పుస్తకం మూసి తిరిగి ఇచ్చేసరికి వాదన అయిపోయిందనుకున్నారాయన. ఇంకో అరగంటలో మార్కుల షీటు కవర్లో పెట్టి లక్క వేసి సీలు చేయాలి. ఆ తర్వాత బ్రహ్మదేవుడు కూడా మార్చలేడు.

బయటికి వచ్చాను. వరండాలో ఆ అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది. ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. నా తప్పు ఒప్పుకోకుండా బయటపడే దారి ఒకటి నాకు కనిపించింది. లోపలికి పోయి సార్‌కు క్షమాపణ చెప్పి, నూట ఇరవై ఎనిమిది అను, ఆయన మంచివాడే, రెండు మార్కులు వేస్తాడు అని చెప్పాను. సముదాయిస్తున్నట్టు చెప్పాను, భుజం మీద చెయ్యి వేసి మరీ.

ఆమె నా చెయ్యి వంక చూసింది. "గది తప్పని మీరే చెప్తిరి గద మేడం."

"తప్పే. ఇయ్యాల్టికి అను."

"మీరైతే అంటరా?"

అన్నాను అని చెప్పాలి. పదేళ్ళ కింద అననే అన్నాను, అచ్చు కూడా వేయించాను, పదేళ్ళుగా వేల మంది చేత అనిపిస్తున్నాను. నేను నోటికి పదును ఉన్న మనిషినని కాలేజీలో అందరికీ తెలుసు. ఆ పదును ఎప్పుడూ ఎదుటివాళ్ళ మీదే వాడాను కాబట్టి నా మీద ఎలా వాడాలో తెలియలేదు. వరండా చివరి దాకా నడిచాను. మడమలు సలుపుతున్నాయి. ఒప్పుకుంటే నష్టమేమిటో లెక్క వేసుకున్నాను: ప్రిన్సిపాల్ మేడం దగ్గర పరువు, స్టాఫ్ రూములో పది రోజుల నవ్వులు. ఒప్పుకోకపోతే ఈ అమ్మాయి రేపు పొద్దున మళ్ళీ రాళ్ళ ముందు కూర్చుంటుంది. ఇంత తేలికైన లెక్కకు నాకు పది నిమిషాలు పట్టింది.

లోపలికి వెళ్ళి చెప్పాను. "సార్, ఆ బిట్టు రాసింది నేనే. తప్పు రాసిన."

ఆయన కళ్ళజోడు తీశారు. ఇందాక ఎక్కాల పుస్తకం అన్నది తమరి గురించేనా అని ప్రిన్సిపాల్ మేడం అడిగింది. అవునన్నాను. ఆవిడ నవ్వు ఆపుకుందో కోపం ఆపుకుందో చెప్పలేను. పిల్లలు ఆ బిట్ బ్యాంకే కొనాలని నోటీసు బోర్డులో పెట్టించింది ఆవిడే.

ఎక్స్‌టర్నల్ సార్ పుస్తకం మళ్ళీ తెరిచి ఆ పేజీ చూశారు. "అయితే నేను పదేళ్ళుగా మీ ప్రశ్నే అడుగుతున్నానన్నమాట" అన్నారు. తర్వాత ఒక తెల్లకాగితం నా ముందుకు తోశారు. ఊరికే నోటిమాట మీద మార్కులు మార్చలేనని, రాసివ్వమని అడిగారు. రాశాను. ఫలానా పుస్తకంలో ఫలానా బిట్టుకు ఇచ్చిన జవాబు తప్పు, దాన్ని తయారుచేసింది నేను, ఈ విద్యార్థిని చెప్పిందే సరి. మూడు వాక్యాలు. మూడు వందల బిట్ల కంటే కష్టమయ్యాయి. ఇంటర్నల్‌గా నేనే కింద సంతకం పెట్టాను, పక్కన ప్రిన్సిపాల్ మేడం పెట్టింది.

అమ్మాయిని పిలిపించారు. మిగిలిపోయిన మూడు ప్రశ్నలూ అడిగారు, చెప్పింది. చివర్లో ఆయన మళ్ళీ మొదటి ప్రశ్నకు వచ్చారు. అయితే ఇక ఎన్నటికీ రాదంటావా అన్నారు. నాకు భయమేసింది. అవునంటే అదీ తప్పే.

"ఎన్నటికి రాదని నేను అనలే సార్. ఇప్పట్ల రాదన్న. చేతులు గంత పెద్దగైననాడు గాజులు గూడ చేస్తరు."

ఆయన తలూపి, అంకె కొట్టేసి వేరే అంకె వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. పాసుకు కావలసినదాని కంటే ఆరు ఎక్కువ. లక్క కరిగించి కవరు మీద పోస్తుంటే ఆ అమ్మాయి నిలబడి చూసింది. మంట కొంచెం తగ్గించు, నల్లబడుతుంది అని ప్యూనుకు చెప్పింది కూడా.

బయట గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాం. థ్యాంక్స్ చెబుతుందనుకున్నాను, ఏం పరవాలేదులే అనడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. లోపల నేను ఒప్పుకున్నదంతా ఆమె వరండాలో కూర్చునే విన్నట్టుంది.

"మేడం, గా పుస్తకం చదివి మస్తు మంది రాసిండ్రు గద. వాళ్ళందరి సంగతేంది?"

ఆ రోజు ఆటోలో ఉప్పుగూడ దాకా ఆ ప్రశ్నే నాతో వచ్చింది. వారం తర్వాత ప్రచురణకర్తకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఫోన్ చేశాను. తప్పకుండా సవరిస్తాం మేడం, కొత్త ముద్రణలో చూడండి అన్నారు. జూన్‌లో కొత్త ముద్రణ వచ్చింది, అట్ట మీద పూర్తిగా సవరించినది అని ఎర్ర అక్షరాలు. పేజీ తీశాను. 16, 32, 64, 128, ____. జవాబు రెండు వందల యాభై ఆరు.

మళ్ళీ ఫోన్ చేసి కొట్లాడే ఓపిక నాకు లేకపోయింది. నిజంగానే లేకపోయింది.

అప్పటికి ఆ అమ్మాయి మా ల్యాబులో అసిస్టెంట్‌గా చేరి నెల. ల్యాబు గుమ్మం దగ్గర చిన్న బల్ల వేసుకుని కూర్చుని, కొత్త కళ్ళజోడుతో హాజరు రాసుకునేది. ఆ పేజీ ఆమెకూ చూపించాను. మర్నాటి నుంచి చెప్పులు విడిచి లోపలికి వచ్చే ప్రతి పిల్ల దగ్గరా బిట్ బ్యాంక్ అడిగి తీసుకుని, ఆ ఒక్క బిట్టును పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పక్కన సన్నటి అక్షరాలతో మేడంను అడుగు అని రాసి ఇచ్చేది. ఆమె చేతిరాత గాజు మీద రాళ్ళ వరసలా ఉంటుంది, అర్థం కాలేదని ఎవరూ తప్పించుకోలేరు.

దాంతో పిల్లలు వచ్చి అడుగుతారు. రోజుకు ఏడెనిమిది మంది, ఒక్కొక్కరుగా. అందరూ కలిసి ఒకేసారి వస్తే ఒకేసారి చెప్పేదాన్ని కదా, అలా రారు. ప్రతిసారీ ఇంటి నంబర్ల నుంచి మొదలుపెట్టాలి. ఆ బిట్టు రాసింది నేనే అన్న దగ్గరికి రాగానే ప్రతి పిల్లా తల ఎత్తి నా మొహం చూస్తుంది. గుమ్మం దగ్గర ఆ అమ్మాయి రిజిస్టరులోంచి తల ఎత్తదు. నేను చెప్పడం పూర్తయ్యేదాకా మాత్రం తర్వాతి పిల్లను లోపలికి పంపదు.